ఒక్క యూనిటు

బాపు మెడ మీద గోనెసంచి మడత,
మడత మీద నలభై కిలోల తేజ మిర్చి.
ఎనుమాముల యార్డుల మూడో షెడ్డు కాన్నుంచి
లారీ దాక అరవై అడుగులు.
తాటిపత్రి మీద కూసోని, దగ్గుకుంట
నేను మొదటి లెక్క రాసిన.

బరువు కిందికి గుంజుతది,
బాపు ముందుకు నడుస్తడు.
కిందికీ ముందుకూ నడుమ నిలువు కోణం.
నస్రీన్ మేడం చెప్పిన సూత్రం పెడితే
అరవై అడుగులకు
బరువు మీద చేసిన పని: సున్నా.

"సున్ననా?"
తువ్వాలతోని ముక్కు తుడుసుకుంట నవ్విండు బాపు.
"గుమాస్తా వీరమల్లుకు చూపెట్టకు బిడ్డా,
కూలి కొయ్యనీకె వానికో సాకు దొరుకుతది."

ఇగ పలక ఎక్కుడు.
నేల మీదికెల్లి లారీ అంచు ఒకటిన్నర మీటరు.
గురుత్వాన్ని పది అనుకోమంది మేడం.
నలభై, పది, ఒకటిన్నర:
ఆరు వందల జౌళ్లు.
ఫోన్ల టైం చూసిన. ఆరు సెకండ్లు.
అంటే నూరు వాట్లు.
మా వంటింట్ల ఒకప్పుడుండె గదా పచ్చటి బల్బు,
పలక ఎక్కినంత సేపు
బాపు ఆ బల్బు.
దిగినంక ఆరిపోతడు. మళ్ల వెలుగుతడు.
గట్ల రెండు వందల సార్లు.

రాత్రి ఇంటికాడ
మేకుకు గుచ్చిన కరెంటు బిల్లు దించి
వెనుక దిక్కు లెక్క చేసిన.
రోజుకు లక్షా ఇరవై వేల జౌళ్లు.
రాయంగనే ఎంత గొప్పగ కొట్టిందో ఆ అంకె!
యూనిటుకు ముప్పై ఆరు లక్షలు.
భాగహారం మూడు సార్లు చేసిన,
సున్నాలు ఎక్కడన్న జారినయేమోనని.
జారలే.
ముప్పై రోజులు మోస్తే
ఒక్క యూనిటు.

పోయిన నెల మాకు అరవై ఒకటొచ్చింది.
ఒక నెల ఇల్లు నడవాల్నంటే
బాపు అయిదేండ్లు పలక ఎక్కాలె.
లేచి ఫ్యాను బంద్ చేసిన.
ఉక్కపోతకు చెల్లె లేచి ఏడ్చింది.
మళ్ల ఏసిన.

బాపు గటుక తినుకుంట అంతా విన్నడు.
"లెక్క మంచిగనే ఉన్నది గని
నన్నెవరు మోసిండ్రు పలక మీదికి?"

యాభై ఎనిమిది కిలోలు బాపు.
కలిపి చూస్తే ఎనిమిది వందల డెబ్బై జౌళ్లు,
బస్తా కన్న ఎక్కువ.
బాపుకు బాపే పెద్ద బస్తా.
తెలిసిందే అన్నట్టు తలూపిండు.

"ఇంకోటి. పొద్దుగాల కిరాయి కాడ
సేటుకూ డ్రైవరుకూ లొల్లయింది.
పలక మొదట్ల బస్తాతోని నిలబడ్డ, పావుగంట.
దించితే మళ్ల ఎత్తెటోడు లేడు.
అది రాసినవా?"

రాయలే.
కదలనోనికి స్థానభ్రంశం లేదు.
తెల్లారి మేడంను అడిగిన.
చాక్‌పీసు చేతుల తిప్పుకుంట జర సేపు ఊకున్నది.
ఊకె నిలబడ్డా లోపల కండ పోగులు
గుంజుకుంటయి, వదులుతయి, మళ్ల గుంజుకుంటయట.
తిన్నది కాలి వేడైతదట,
చెమటల పోతదట.
పని సున్నా, ఖర్చు సున్నా కాదు
అని బోర్డు మీద రాసి,
పరీక్షల రాయకుండ్రి అన్నది.

మాపటికి యార్డుకు పోయి బాపుకు ఇదంతా చెప్పబోయిన.
"ఖర్చయితదని నాకెరుకే.
ఎంతనో చెప్పు."

నోట్సు తీసిన. పేజీ మీద ఎర్రటి దుమ్ము
వేలితోని తుడిచి,
అదే వేలు కంట్ల పెట్టుకున్న.

అమ్మో!
బస్తా ఆడ్నే దించి ఉరికొచ్చిండు.
మళ్ల ఎత్తెటోడు లేడని మరిచిండేమో.
కుండల చెంబు ముంచి
నా తలకాయంత ఎత్తుకు లేపిండు.
పడ్డయి నీళ్లు.
ఎత్తుల ఉన్న శక్తి ఉరుకుడు శక్తి అయింది
అనుకున్న, కండ్లు మూసుకోని.

చెంబెడు నీళ్లు ఒక కిలో.
ఎత్తు మాత్రం
చూడలేకపోయిన.